నూటికి నాలుగు: పల్నాటి పిల్లలకు కళాశాలా ప్రవేశము

వేసవి సెలవులలో న్యాయవాదికి పని తక్కువ. ఐనను పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట నరసరావుపేటలోని మా యింటి యరుగు ఖాళీగా నుండదు. వచ్చువారు గట్టుతగవులవారు కారు, బాకీల దావాలవారు కారు. పిల్లల మార్కుల కాగితమును మడచి జేబులో బెట్టుకొని వచ్చు తలిదండ్రులు. ఏ కళాశాలకు దరఖాస్తు పెట్టవలయును, ఏ ధ్రువపత్రము కావలయును, తహశ్శీలుదారు సంతకమునకు ఎన్ని దినములు పట్టును అను ప్రశ్నలతో వత్తురు. వీనికి ఫీజు లేదు గనుక నేనును సంకోచము లేకుండ జవాబు చెప్పుదును.

మొన్నటి వేసవిలో గురజాల ప్రాంతమునుండి యొక రైతు వచ్చెను. ఆయనకు ఎకరము సొంతము, రెండెకరములు కౌలు, మిరప సాగు. కూఁతురు ఊరిలోని ప్రైవేటు ఉన్నతపాఠశాలలో చదివి 600కు 571 మార్కులు తెచ్చుకొన్నది. ప్రక్కవీధి పిల్ల జిల్లాపరిషత్తు పాఠశాలలో చదివి 552 తెచ్చుకొన్నది. ఇద్దఱును నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టుకొనుచున్నారు. అచ్చటి నిబంధన ననుసరించి ప్రభుత్వ పాఠశాల పిల్లకు గరిష్ఠ మార్కులలో నూటికి నాలుగు, అనఁగా 24 మార్కులు కలుపుదురు. 552 కాస్త 576 అగును. 571 వెనుకబడును.

"ప్లీడరుగారూ, ఏటా పన్నెండు వేలు ఫీజు కట్టినందుకు మా పిల్లకు ఇరవై నాలుగు మార్కులు జరిమానా వేసినట్టేగా? ఈ రూలు కొట్టేయమని హైకోర్టులో ఒక కాగితం వెయ్యండి" అని ఆయన యడిగెను. వారము గడువు కోరితిని. వారములో తేలలేదు. ఆయనకు చెప్పిన జవాబునే కొంత విస్తరించి యిచ్చట వ్రాయుచున్నాను; ఏలయన ఆ ప్రశ్న యాయన యొక్కనిది కాదు.

రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో స్థాపింపఁబడినది. గ్రామసీమలలోని ప్రతిభావంతులగు పిల్లలకు సాంకేతిక విద్య నందించుట దాని యుద్దేశము. నేటి ఆంధ్రప్రదేశమున దానికి నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళము అను నాలుగు కేంద్రములు గలవు. పదవ తరగతి ముగియఁగానే పిల్లలను చేర్చుకొని రెండేండ్లు ఇంటర్మీడియటు స్థాయి విద్యయు, నాలుగేండ్లు ఇంజనీరింగును అచ్చటనే నేర్పుదురు. నాలుగింట గలసి సీట్లు సుమారు 4,400. పదవ తరగతి పరీక్షకు 2025లో కూర్చున్న రెగ్యులరు విద్యార్థులు ఆఱు లక్షలకు పైబడియుండిరి. వారిలో నూటికి 81 మంది యుత్తీర్ణులైరి. లెక్కవేసి చూచినచో పరీక్ష వ్రాసిన 140 మందిలో ఒక్కరికి మాత్రమే చోటున్నది.

ఇంతకంటె ఇఱుకైన ద్వారములు దేశమున లేకపోలేదు. ఐ.ఐ.టి. ప్రవేశమునకై 2025లో అడ్వాన్సుడు పరీక్ష రెండు పత్రములను వ్రాసినవారు 1,80,422 మంది, సీట్లు 18 వేల పైచిల్లర. కాని యా ద్వారము చెంతకు చేరుటకే రెండేండ్లు, ఒక్కొక్కచో నాలుగేండ్లు, శిక్షణ కావలయును. గుంటూరు బెజవాడల నడుమ హాస్టలు భవనములు నిలువునా పెరిగిన కారణ మిదియే. మూడెకరముల మిరప పండినను అచ్చటి ఫీజునకు చాలదు, పండకున్న చెప్పనక్కఱలేదు. నూజివీడు ద్వారమునకు ప్రవేశపరీక్ష లేదు. మహమ్మారి వలన పదవ తరగతి పరీక్షలు జరుగని 2020, 2021 సంవత్సరములలో మాత్రము ప్రత్యేక పరీక్ష పెట్టిరి. తక్కిన యేండ్లన్నిటను పదవ తరగతి మార్కులే ప్రమాణము. శిక్షణా వర్తకుని చేయి తక్కువగా సోకిన శ్రేష్ఠ విద్యాలయము మన రాష్ట్రమున నిది యొక్కటియే యన్నచో అతిశయోక్తి కాదేమో. కావుననే దీని ప్రవేశ నిబంధనను గూర్చి ఇంత పట్టుదల.

రైతు ఫిర్యాదు నాకు తేలికగా దోఁపలేదు. ప్రైవేటు పాఠశాల యనఁగానే పట్టణములోని యంతస్తుల భవనమును, పచ్చని బస్సులను తలఁచువారు పల్నాటి పల్లెలను చూడలేదని యెంచవలసియుండును. దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపున ప్రైవేటు బడి యనఁగా నొక్కొక్కచోట పాత ధాన్యపు గోదాము. పై రేకులు, లోపల ఆఱు గదులు. ఎండకాలమున ఆ రేకుల క్రింద కూర్చున్న పిల్లల ముఖములు చూచినవాఁడు దానిని భాగ్యవంతుల బడి యనఁడు. చదువు చెప్పువాఁడు పట్టము పుచ్చుకొని యుద్యోగము దొరకని యువకుఁడు. ఆతని జీతము ఎంతయని యడుగుట మర్యాద కాదు.

మఱి యిట్టి బడికి తండ్రి యేల పంపెను? ఇంగ్లీషు కొఱకు. ఇంకొకటి కాదు. ప్రభుత్వ పాఠశాలలలో నెల్ల ఇంగ్లీషు మాధ్యమమే యుండవలెనని 2019 నవంబరులో 81వ ప్రభుత్వోత్తరువు వెలువడెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. మాతృభాషలో విద్య జరుగవలెనని కోరువారిలో నేనును ఒకఁడను. కాని మాతృభాషను ప్రేమించు మనము, మన పిల్లలను ఎచ్చట చదివించితిమో చెప్పుకొనవలసి వచ్చినపుడు తలవంచుకొనవలసిన వారమే. ప్రభుత్వోపాధ్యాయులలోను, గుమాస్తాలలోను, మా న్యాయవాదులలోను సొంతబిడ్డను ప్రభుత్వ బడికి పంపినవారిని వ్రేళ్లమీఁద లెక్కింపవచ్చును. పెద్దలు నడచిన బాటను కౌలురైతు పట్టెను. పెద్దలకు వచ్చిన లాభ మాతనికి రాలేదు. ఫీజు మాత్రము వచ్చినది.

ఆయన చెప్పిన పన్నెండు వేలు కూడ ఊరక చెప్పిన యంకె కాదు. 2021 ఆగస్టులో వెలువడిన 53వ ప్రభుత్వోత్తరువు గ్రామపంచాయతీలలోని ప్రైవేటు ఉన్నతపాఠశాలకు సంవత్సరమునకు 12,000 రూపాయలు, పురపాలక సంఘములలో 15,000, నగరములలో 18,000 గరిష్ఠముగా నిర్ణయించెను. ఆ యేడు డిసెంబరులోనే హైకోర్టు ఆ యుత్తరువును రద్దుచేసినది. అంకెలు కాగితముమీఁద చచ్చినను పల్లెలలో జనుల నోట నిలిచియున్నవి.

ఇంకను వినుఁడు. 2020 జనవరిలో అమ్మఒడి పథకము మొదలైనపుడు పేదతల్లికి సంవత్సరమునకు 15,000 రూపాయలు ప్రకటించిరి. ప్రభుత్వ పాఠశాలలో చదువు పిల్లల తల్లులతో బాటు ప్రైవేటు పాఠశాలలలో చదువు పిల్లల తల్లులకును అది వర్తించెను. ప్రభుత్వము మాఱినది, పథకము పేరు మాఱినది. 2025 జూనులో తల్లికి వందనము అను పేర వచ్చిన దానిలోను ప్రైవేటు బడి పిల్లలు కలరు. అనఁగా ఈ రైతు కూఁతురు పేదయని, ఆమె చదివినది ప్రైవేటు బడియే యైనను ఆమె యింట లేమి యున్నదని, ఇరు ప్రభుత్వములును చేవ్రాలు చేసి యొప్పుకొన్నవి. సొమ్ము పంచునాఁడు పేదయైన పిల్ల సీటు పంచునాఁడు పేద కాకపోవుట యెట్లు?

వేఱొక తమాషా గలదు. విద్యాహక్కు చట్టములోని 12(1)(సి) విభాగము ననుసరించి ప్రైవేటు పాఠశాలలు నాలుగవవంతు సీట్లను పేదపిల్లల కీయవలెను. చట్టము 2009 నాఁటిది. మన రాష్ట్రమున 2022-23నుండి అమలునకు వచ్చెను. ఆ యేడు ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు 2032లో పదవ తరగతి పరీక్ష వ్రాయుదురు. ప్రభుత్వమే పేదరికమును నిర్ధారించి, ప్రభుత్వమే ప్రైవేటు బడిలో కూర్చుండబెట్టిన పిల్లవాఁడు అదే బడిలో పదవ తరగతి ముగించినచో, ఆనాఁటికి నిబంధన మాఱకున్న "నీవు ప్రైవేటు" అను మాటయే వినవలసియుండును.

ఇది యంతయు విన్నవారు "అట్లైన రిట్టు వేయవలసినదే కదా" యందురు. వేయలేదు. కారణము చెప్పెదను.

మొదటిది, ఆ ప్రక్కవీధి పిల్ల. 552 మార్కుల పిల్ల తల్లి మిరపకాయలు కోయు కూలి. కోతలనాఁడు తల్లితో పోవుటయు, చెల్లెలిని చూచుకొనుటయు నామె వంతు. ఆమె బడిలో ఉపాధ్యాయులు అర్హతగలవారు, జీతము సక్రమముగా వచ్చువారు, ఇది నిజమే. కాని యింట పుస్తకము తెఱచి యడుగువారు లేరు, రాత్రి చదువునకు బడి లేదు. ప్రైవేటు బడిలో, అది యెంత రేకులబడియైనను, తెల్లవారకముందే పిల్లలను పిలిచి చీకటిపడువఱకు వల్లెవేయింతురు. ఆ వల్లెవేతను నేను మెచ్చను; కాని మార్కులు దానికి పండును. కొన్నియేండ్లపాటు నూటికి 20 మార్కులు పాఠశాలలోనే వేసికొను పద్ధతియు నుండెను. ఆ రోజులలో ఇరువదికి ఇరువది వేయుటకు ఏ బడికి చేయి వణకలేదో నేను చెప్పనక్కఱలేదు. 2019లో దానిని తొలగించిరి, మంచిపని. ఇన్ని విధముల మార్కు పెరుగు చోటును, పెరుగని చోటును ఒక్క త్రాసులో తూచుట న్యాయము కాదని తలఁచియే నూటికి నాలుగు పెట్టిరి. ఆ పిల్ల 552 నా దృష్టిలో 571కి తక్కువ కాదు.

రెండవది, నిబంధన కొట్టివేయించిన ఫలము ఎవరి దోసిటిలో పడును? ప్రభుత్వ పాఠశాల పిల్లలు ఖాళీచేసిన పది చోట్లను పూరింపవచ్చువారు ఈ రైతు కూఁతు రొక్కతెయే కాదు. ఆ మార్కుల మెట్టున నిలిచియున్న ప్రైవేటు పిల్లలందఱును. ఆ మెట్టుమీఁద గురజాల రేకులబడి పిల్లలు ఎందఱు, గుంటూరు బెజవాడల ఖరీదైన బడుల పిల్లలు ఎందఱు? తీర్పు గెలిచి, పది చోట్లలో ఒక్కటి మా పిల్లకు తెచ్చి, తొమ్మిది వారి కప్పగించుట గెలుపగునా? వ్యాజ్యములో గెలిచి కాపురములో ఓడినవారిని నేను పెక్కుమందిని చూచితిని.

మూడవది చట్టము. ఇచ్చట పాఠకులు కొంచెము ఓపిక పట్టవలెను. పల్లెపిల్లలకు తిన్నగా సీట్లు ప్రత్యేకింపరాదా యని పెక్కురు అడుగుదురు. ఉత్తరప్రదేశమువారు వైద్యకళాశాలలలో అట్లు చేసిరి. 1974లో ప్రదీప్ టాండన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు కొండప్రాంతముల వారికి చేసిన ప్రత్యేకింపును నిలిపి, గ్రామప్రాంతముల వారిదానిని కొట్టివేసెను. హర్యానావారు గ్రామీణ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదివఱకు చదివినవారికి వైద్యవిద్యలో కొన్ని సీట్లు విడిచిరి. 1984లో సునీల్ జేట్లీ వ్యాజ్యమున అదియు పోయెను. మండలమునకు ఇన్ని సీట్లని పంచవచ్చును గదా యని నాకును ఒకప్పు డాశ యుండెను. రాష్ట్రమున మండలములు సుమారు 680. మండలమునకు ఆఱేసి పంచినను సరిపోవును, బొల్లాపల్లికి ఆఱు, వెల్దుర్తికి ఆఱు! అమెరికాలోని టెక్సాసు రాష్ట్రము 1997లో ఇట్టి పనియే చేసినది; ప్రతి ఉన్నతపాఠశాలలోను నూటికి పదిమంది అగ్రగణ్యులకు రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ప్రవేశము నిచ్చునట్లు చట్టము చేసెను. కాని మనకు 1968 నాఁటి రాజేంద్రన్ తీర్పు అడ్డు నిలిచియున్నది. మద్రాసు రాష్ట్రము వైద్యకళాశాల సీట్లను జనసంఖ్యనుబట్టి జిల్లాలకు పంచఁగా, అది సమానత్వమునకు విరుద్ధమని సుప్రీముకోర్టు పలికెను. జిల్లాకు చెల్లనిది మండలమునకు చెల్లునని వాదింపవచ్చును. గెలుతునని మాత్రము కక్షిదారునికి మాట యీయలేను.

కావున మిగిలిన మార్గము సీట్లను ప్రత్యేకించుట కాదు, మార్కులకు లేమిని కలిపి తూచుట. నూటికి నాలుగు అనునది యట్టిది. ఇది రద్దయినచో పల్లెపిల్లకు మిగులు ఆధారము స్వల్పము. దీనిని పడగొట్టమని నా సంతకముతో నేను అర్జీ పెట్టుట, ఇంటికప్పు కారుచున్నదని దూలమును నఱకుట వంటిది.

పొరుగున తమిళనాడును చూడుఁడు. 2020లో వారు వైద్యవిద్యలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు నూటికి 7.5 సీట్లు కేటాయించుచు చట్టము చేసిరి. న్యాయమూర్తి కలైయరసన్ గారి సంఘము పరిశీలించి నివేదిక యిచ్చిన పిమ్మట చేసిరి గనుక, 2022 ఏప్రిలులో మద్రాసు హైకోర్టు దానిని నిలిపినది. ఊహలు కాక లెక్కలు ముందుంచుట యెట్టి బలమో దీనివలన తెలియును. ఆ చట్టములో మఱియొక విశేషము గలదు. విద్యాహక్కు సీటులో ఎనిమిదివఱకు ప్రైవేటు బడిలో చదివి, తరువాత ప్రభుత్వ బడికి వచ్చిన పేదపిల్లనుగూడ వారు మఱువలేదు. బడి బోర్డునే కాక పిల్లవాని యింటిని గూడ చూచిరి. మనవారు చూడవలసినది యదియే.

మన నిబంధనలో నాలుగు మార్కులు పొందువారు నివాసవసతి లేని ప్రభుత్వ పాఠశాలలవారు మాత్రమే. చదువు మానివేసిన బాలికలకై పెట్టిన కస్తూర్బా విద్యాలయములు నివాసపాఠశాలలు; తండాలనుండి, చెంచుగూడెములనుండి వచ్చిన బాలిక అచ్చట చదివినందున ఆ నాలుగింటికి వెలియగును. హాస్టలులో రెండు పూటల యన్నము దొరకినంతమాత్రమున ఆమె లేమి తీఱినదా? చాపకూడు పెట్టి యన్ని కులములవారిని ఒక్క బంతిని కూర్చుండబెట్టిన బ్రహ్మనాయని పేరు చెప్పుకొని యేటేట కారెంపూడిలో నుత్సవములు చేయు సీమ మనది. చాప పఱచుటయే కాదు, ఎవరు అంచున మిగిలిపోయిరో చూడవలెను గదా.

నేను కోరున దిది. ప్రభుత్వ పాఠశాల పిల్లల నాలుగును ముట్టవలదు. కస్తూర్బా బాలికలను దానిలో చేర్పవలెను. గ్రామములోనే ప్రైవేటు బడిలో చదివి, బియ్యపుకార్డు గల యింటినుండి వచ్చిన పిల్లకు నూటికి రెండు కలుపవలెను. రెండే యేల, మూడేల కాదని యడిగినచో నా యొద్ద శాస్త్రము లేదు. తమిళులవలె ఒక సంఘమును వేసి పది సంవత్సరముల మార్కులను, ప్రవేశములను, ప్రవేశించిన పిల్లల చదువు సాగిన తీరును పరిశీలించి అంకెను నిర్ణయింపుఁడని యందును. ఆ రెండు కలిసినచో రైతు కూఁతురు 583, కూలి కూఁతురు 576 అగుదురు. అపుడు కూలితల్లి నా యరుగు మీఁదికి వచ్చి ఇదేమి న్యాయమని యడుగవచ్చును. అడుగనిండు. అందులకే సంఘము కావలెను. ఒక ప్లీడరు అరుగుమీఁద తేల్చు లెక్క కాదిది.

కార్డులు అబద్ధమాడునని కొందఱు మిత్రులు హెచ్చరించిరి. ఆడును. మేడ గలవానికి బియ్యపుకార్డు, గుడిసె గలవానికి లేకపోవుట నేనును ఎఱుఁగుదును. సాక్షులు అబద్ధమాడుదురని న్యాయస్థానములకు తాళము వేయలేదు గదా. అడ్డుప్రశ్నలు వేసి నిగ్గు తేల్చుచున్నాము. రాజ్యాంగపు 371-డి అధికరణము క్రింద 1974లో వచ్చిన రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము వరుసగా నాలుగేండ్లు ఎచ్చట చదివెనో చూచి స్థానికుఁడా కాఁడా యని ప్రతి విద్యార్థికిని తేల్చుచునే యున్నారు. పిల్లవాఁ డేయూర నాలుగేండ్లు చదివెనో కనుగొనఁగల కార్యాలయమునకు, వాని యింట నేమున్నదో కనుగొనుట చేతకాదనుట నమ్మఁదగిన మాట కాదు.

ప్రైవేటు బడుల యజమానులకును ఒక మాట. ఫలితములు వచ్చిననాఁడు మాచర్ల మొదలు చిలకలూరిపేటవఱకు గోడలనిండ మీ పిల్లల ఫొటోలు, వాటిక్రింద మార్కులు. 590 వచ్చినవారు ముగ్గురని వేసితిరి, సంతోషము. మొత్తము ఎందఱు పరీక్ష వ్రాసిరో, ఎందఱు తప్పిరో, నూజివీడులో ఎందఱికి చోటు దొరకెనో ఆ గోడమీఁదనే వేయరాదా? నూటికి నాలుగు నిబంధన సంగతిని చేర్చుకొనునపుడే తండ్రికి చెప్పిన బడి యొకటి యున్నదని నే నింతవఱకు వినలేదు. కోడిపందెమునకు వచ్చినవానికైనను ఎదుటి కోడి యెట్టిదో చూపుదురు.

మొన్న ఆదివారము ఆ రైతును, ఆ కూలితల్లిని ఒకేసారి పిలిపించితిని. ఇద్దఱును మొదట ఎడమొగము పెడమొగముగా కూర్చుండిరి. విజ్ఞాపనను చదివి వినిపించితిని. ఆమె "మా నాలుగూ తియ్యరుగా అయ్యా?" యని రెండుసార్లు అడిగి, తీయరని నమ్మకము కలిగిన పిదప వ్రేలిముద్ర వేసినది. ఆయన సంతకము చేసి "కాగితం పనిచేస్తుందా ప్లీడరుగారూ?" యనెను. ఒక్క కాగితము పనిచేయదు, వెయ్యి కాగితములు చేయునేమో యంటిని. విజ్ఞాపన ప్రతులు మా యింటను, గురజాల, మాచర్ల కోర్టుల యొద్ద మా మిత్రుల యొద్దను ఉన్నవి. ఇరువిధముల పాఠశాలల తలిదండ్రులును ఒక్క కాగితముమీఁదనే సంతకము చేయవలెనని నియమము పెట్టుకొంటిమి. ఇప్పటికి రెండు గ్రామములు ముగిసినవి. దుర్గి వైపు తిరుగుటకు సైకిలు త్రొక్కఁగల యువకులు ఇద్దఱు కావలసియున్నారు.